పాత గుంటూరు జిల్లాలో ఫ్యాక్టరీ ఉపాధి నిజంగా తగ్గిందా?

బ్రాడీపేట ఎమ్మే:
ప్రాజెక్టు కోసం పాత కృష్ణా, గుంటూరు జిల్లాల ఫ్యాక్టరీ ఉపాధిని అనంతపురంతో పోల్చాలండి. 2022 తర్వాత గుంటూరు అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. విజయవాడ ఆటోనగర్‌లో అంతమంది పనిచేస్తుంటే వాళ్లు ఏ లెక్కలోకి వస్తారు?

పటమట లెక్కలు:
జిల్లా చిన్నదైంది, అందుకే ఆ తగ్గుదల. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు, చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులు పల్నాడుకి పోయాయి. అలాగని గుంటూరు, పల్నాడు, బాపట్ల కలిపేస్తే పాత గుంటూరు రాదు. చీరాల, పర్చూరు, అద్దంకి 2022లో ప్రకాశం నుంచి బాపట్లలోకి వచ్చాయి. ఎన్టీఆర్, కృష్ణా కలిపినా అంతే, నూజివీడు, కైకలూరు ఏలూరుకి వెళ్లాయి. మండలాలవారీగా కూడుకోవాల్సిందే. అనంతపురంతో మరీ జాగ్రత్త: పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. అది లేని అనంతపురంతో పోలిస్తే ప్రాజెక్టంతా పక్కదారి పడుతుంది.

ఇక ఆటోనగర్. వార్షిక పరిశ్రమల సర్వే, అంటే ఏఎస్ఐ, ప్రధానంగా ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైనవాటినే తీసుకుంటూ వచ్చింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా ఉన్న ఆ 1948 చట్టంలో హద్దు కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20. ఒక లారీ బాడీ వడ్రంగి, వెల్డింగ్, టింకరింగ్, పెయింటింగ్, వైరింగ్ షెడ్లు తిరిగి తయారవుతుంది. ఒక్కో షెడ్డులో నలుగురైదుగురు. లారీ మీద పాతికమంది చెయ్యి పడినా ఏ షెడ్డూ పదికి చేరదు. వీళ్ల కోసం అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వే, ఏఎస్‌యూఎస్‌ఈ చూడండి. ఏఎస్ఐలో ఉన్న యూనిట్లను అది వదిలేస్తుంది కాబట్టి ఒకే మనిషి రెండుసార్లు లెక్కకు రాడు.

పత్తి సీజను:
గుంటూరు వైపు ఇంకో చిక్కుంది, చాలామంది ఇక్కడే తప్పుతారు. ఏఎస్ఐలో సగటు కార్మికుల సంఖ్య అంటే మొత్తం పనిదినాలను (ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక పనిదినం) ఫ్యాక్టరీ నడిచిన రోజులతో భాగించగా వచ్చేది. ఏడాది రోజులతో కాదు. ఒక జిన్నింగ్ మిల్లు సీజన్లో 120 రోజులు 60 మందితో ఆడిందనుకోండి. 7,200 పనిదినాలు, భాగిస్తే 60. అనంతపురం వైపు విడిభాగాల ఫ్యాక్టరీ ఒకటి 60 మందితో 300 రోజులు నడిస్తే 18,000 పనిదినాలు, దాని సగటూ 60 అనే చూపిస్తుంది. రెండింటి పనిదినాలనూ 300తో భాగించండి: మిల్లుకి 24, ఫ్యాక్టరీకి 60. ఇది చెయ్యకుండా ప్రాంతాల మధ్య తేడా చెబితే ఆ తేడా తప్పు. ఏఎస్ఐ ప్రశ్నావళి, అంటే షెడ్యూలు, బ్లాక్-ఈలో పనిదినాల కాలమ్ ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుల వరుస వేరుగా ఉంటుంది, అదీ వదలకండి.

బ్రాడీపేట ఎమ్మే:
థాంక్సండి. ఇదంతా లేకుండా శ్రామికశక్తి సర్వే, అదే పీఎల్ఎఫ్ఎస్, ఒక్కటే తీసుకుంటే?

పటమట లెక్కలు:
కుదరదండి. పీఎల్ఎఫ్ఎస్ ఇంటింటి సర్వే, మనిషి ఎక్కడ ఉంటే అక్కడే లెక్క. తాడేపల్లిలో ఉంటూ బ్యారేజీ దాటి ఆటోనగర్ వచ్చే వెల్డరు అందులో గుంటూరు జిల్లా, పని మాత్రం ఎన్టీఆర్ జిల్లాలో. పైగా జిల్లాను మూలంగా పెట్టుకుని శాంపిల్ తీయడం 2025 జనవరి నుంచే, పాత సంవత్సరాలకు జిల్లా అంకెలు నమ్మలేం.

అది పనికొచ్చే చోటు ఒకటుంది. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు ఏ ఫ్యాక్టరీ రిజిస్టరులోనూ లేకపోయినా, ఏడాదిలో కనీసం 30 రోజులు ఆ పని చేస్తే అనుబంధ స్థితి (ఏడాదిలో కొద్దికాలం చేసిన పని) కింద నమోదవుతారు. ప్రధాన స్థితి (ఏడాదిలో ఎక్కువ కాలం ఉన్న స్థితి) ఒక్కటే తీసుకుంటే వాళ్లలో చాలామంది జారిపోతారు. రెండూ కలిపి తీయండి.