కచేరీకి మనిషిని ఎంచేటప్పుడు మన ఇష్టం ఎంతవరకు?

అలిపిరి_శ్రోత:
తిరుపతిలో మా కాలనీ గుడి ముందర ధనుర్మాసంలో ఒక సాయంత్రం అన్నమయ్య కీర్తనలు పెట్టాలనుకుంటున్నాం. గంటన్నర కార్యక్రమం, ఆరుబయట వేదిక. ఆరుగురు వాట్సాప్‌లో వీడియోలు పంపారు. కమిటీలో ఉన్నది ఐదుగురం, అభిప్రాయాలూ ఐదే. ఒకాయనకు గొంతు తియ్యగా ఉంటే చాలు. ఒకావిడకు గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడడం, లేకపోతే అది పాటే కాదు. ఫ్లెక్సీ మీద మాత్రం ఆరుగురి పేర్ల ముందూ 'ప్రముఖ కళాకారులు' అనే ఉంటుంది. మా ఇష్టాయిష్టాలు పక్కన పెట్టి, వీళ్లలో నిజంగా కళాకారులు ఎవరో తేల్చే దారి ఉందా? సంగీతం నేర్చుకోని వాళ్లు కూడా చేయగలిగేది చెప్పండి.

ఆరోహణ:
ముందు ఆ వీడియోలు పక్కన పెట్టండన్నా. వాటిలో వినపడేది సగం గొంతు, సగం ఎకో. ఆరుగురికీ ఒకే పని ఇవ్వండి. తంబుర యాప్ ఒక్కటి పెట్టుకుని, ట్రాక్ లేకుండా, ఎకో లేకుండా, తాళం వేసే చెయ్యి కనపడేటట్టు మూడు నిమిషాలు పాడి పంపమనండి. కీర్తన కూడా అందరికీ ఒకటే. 'నానాటి బదుకు' అయితే బాగుంటుంది. అందరికీ వచ్చు, పైగా అది పాడే రేవతి రాగంలో గాంధారం, ధైవతం (గ, ద స్వరాలు) లేవు కాబట్టి దాక్కోవడానికి చోటు తక్కువ.

మొదట రిషభం, అంటే 'రి' స్వరం వినండి. రేవతిలో అది శుద్ధ రిషభం, షడ్జాన్ని ('స'ను) ఆనుకునే ఉంటుంది. శృతి మీద పట్టు లేనివాళ్లకు అది పైకి జారుతుంది. పై మెట్టయిన చతుశ్రుతి రిషభం దాకా జారిందంటే మీరు వింటున్నది మధ్యమావతి, మంగళం పాడే రాగం. స్వరం పేరు తెలియని వాళ్లకు కూడా ఈ తేడా చెవికి అందుతుంది. పల్లవిలో ఉన్న దిగులు పోయి మంగళం పాడుతున్నట్టు ఉంటుంది.

తర్వాత చెయ్యి చూడండి. చెయ్యి తన దారిన నడుస్తుంటే గొంతు దాని మీద సవారీ చేయాలి. చాలామందికి చెయ్యే గొంతు వెనక పరిగెత్తుతుంది. సంగతి (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరు) కష్టమైన చోట దెబ్బ ఆలస్యంగా పడుతుంది. అంటే పాట నోటికి వచ్చింది గానీ లయ ఒంటికి పట్టలేదు.

అన్నిటికన్నా ముఖ్యం పదచ్ఛేదం, మాటల్ని సరైన చోట విరవడం. 'యెట్టనెదుట గలదీ ప్రపంచము' అన్న చోట ఊపిరి ఎక్కడ తీశారో గమనించండి. గలది, ఈ ప్రపంచము అని అర్థం. 'గల' దగ్గర ఆగి 'దీప్రపంచము' అన్నవాళ్లు ఆ మాట ఏమిటో ఒక్కసారి కూడా అడిగి తెలుసుకోలేదన్నమాట. పల్లవిలో 'బదుకు' కూడా అంతే. 'బ' హ్రస్వం. దాన్ని సాగదీస్తే 'బాదుకు' అవుతుంది, ఎవరిని బాదాలో స్వామికే తెలియాలి.

ఈ మూడూ దాటినవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. అక్కడి నుంచి మీ ఇష్టం. తియ్యటి గొంతు కావాలంటే తియ్యటి గొంతునే తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. ఆ ఇష్టాన్ని మొదటి మెట్టులోనే వాడితేనే చిక్కు.

అలిపిరి_శ్రోత:
చాలా థాంక్సన్నా. ఒక సందేహం. ఆరుగురిలో ఒకమ్మాయి ఇదే కీర్తనను వేరే రాగంలో, సొంత బాణీలో పాడింది. 'అన్నమయ్య బాణీని మార్చడానికి ఈమె ఎవరు' అని కమిటీలో పెద్దాయన ఒకరు గట్టిగా పట్టుబట్టారు.

ఆరోహణ:
అన్నమయ్య బాణీ ఏదో ఆ పెద్దాయన చెప్పగలిగితే మనందరం తిరుమల కొండ మోకాళ్ల మీద ఎక్కొచ్చు. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు. 1408లో పుట్టి 1503లో పోయిన మనిషి ఎలా పాడాడో వినే దారి మనకు మిగల్లేదు. 20వ శతాబ్దంలో సంగీత సాహిత్య పండితులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతిలో ఉండి రేకుల పాఠాలు పరిష్కరించారు, కొన్నిటికి స్వరం కట్టారు. ఆ తర్వాత మరికొందరు. మనం 'అసలు బాణీ' అనుకునే రేవతి బాణీ కర్ణాటక సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టింది. గొప్ప బాణీ, కాదనను. కానీ అది కూడా ఒక కళాకారుడు తీసుకున్న నిర్ణయమే.

కాబట్టి ఆ అమ్మాయిని 'మార్చావెందుకు' అని కాకుండా 'ఈ రాగమే ఎందుకు' అని అడగండి. జవాబు కన్నా ముందు బాణీలోనే ఒకటి వెతకండి. మొదటి చరణంలో పుట్టుట, నట్టనడిమి, యెట్టనెదుట, కట్టకడపటి అని నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'ట్ట' పడుతుంది. ప్రాస. ఆ నాలుగు 'ట్ట'లూ తాళంలో ఒకే చోట వాలుతున్నాయా? వాలితే ఆమెకు సాహిత్యం చెవిలో ఉందని అర్థం. ఒక్కోటి ఒక్కో మూల పడితే, రాగం ముందు ఎంచుకుని మాటల్ని అందులో కుక్కిందని అర్థం. నాకైతే అరువు బాణీని తప్పు లేకుండా అప్పజెప్పేవాళ్ల కన్నా, సొంత బాణీలో ఒకచోట తడబడి ఎందుకు తడబడిందో చెప్పగలిగిన మనిషే కళాకారిణి.

తొప్పి_రవ్వ:
ఆరోహణ గారి మూడు పరీక్షలకు ఇంకొకటి కలుపుతాను. పంపిన ఆడియోలో ఆటోట్యూన్ ఉందేమో చూడండి, ఇప్పుడు ఫోన్ యాప్‌లలో కూడా ఉంటోంది. అది ప్రతి స్వరాన్నీ దగ్గరున్న మెట్టు మీదికి లాగుతుంది. తోడి రాగంలో గాంధారం అటు రిషభం వైపు, ఇటు మధ్యమం వైపు ఊగుతూ ఉండాల్సింది. ఆటోట్యూన్ పడితే ఆ ఊపు మెట్లు మెట్లుగా విరుగుతుంది, హార్మోనియం మీద వేళ్లు మార్చినట్టు. అనుమానం ఉంటే తోడిలో నాలుగు ముక్కలు పాడమనండి, దొరికిపోతారు.

ఇక వేదిక సంగతి. మంచి కళాకారుణ్ణి తెచ్చి చెడ్డ సౌండులో కూర్చోబెడితే మీ ఐదుగురూ ఆయన్నే తిడతారు. గాయకుడికి తంబుర వినపడకపోతే శృతి జారుతుంది. తంబుర పెట్టె ఆయన పక్కనే పెట్టి, మానిటర్‌లో (గాయకుడి వైపు తిప్పిన స్పీకర్‌లో) కూడా సన్నగా ఇవ్వండి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. ఆరుబయట ఎకో అసలు వద్దు. మృదంగానికి రెండు మైకులు, వలంతలకు (కుడివైపు ముఖానికి) ఒకటి, తొప్పికి (ఎడమవైపు ముఖానికి) ఒకటి. ఒకటే ఉంటే ముందువైపు మధ్యలో పెట్టండి. తొప్పి 'గుం' అని మోగాలి గానీ వీధి చివరి కిటికీలు అదరకూడదు. మిక్సర్ మీద బాస్ కొంచెం తగ్గించమనండి.

మార్గశిరం చలిలో మంచు పడుతుంది. చర్మం చెమ్మ పీల్చి వదులవుతుంది, వలంతల శృతి దిగుతుంది. లైటు దగ్గరగా పెడితే వేడికి బిగిసి పైకి పోతుంది. రెండూ కార్యక్రమం మధ్యలోనే జరుగుతాయి. వాద్యగాడు అంచు మీద రాయితో పై నుంచి కొట్టి ఎక్కిస్తాడు, కింది నుంచి కొట్టి దించుతాడు. మొదలుపెట్టడానికి ముందు 20 నిమిషాలు ఆయనకు వదిలేయండి.

భారతంమిట్ట:
అందరూ కచేరీ కొలబద్దతోనే కొలస్తా ఉండారే! చిత్తూరు పక్క ఊళ్లలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చాలా ఊళ్లలో 18 రోజులు. హరికథ చెప్పే ఆయన పాట పాడల్ల, పద్యం చదవల్ల, జనం తూగుతా ఉంటే పిట్టకథ అందుకోవల్ల, మళ్లీ అదే శృతిలోకి వచ్చి కథ ఎత్తుకోవల్ల. ఆయన రిషభం మీ యాప్ లెక్కకు నిలవదేమో. కానీ దుర్యోధనుడి వధ రోజు ఆయన మట్టి బొమ్మ చుట్టూ నిలబడిన జనం అంతా హరికథ చెప్పే ఆయన గొంతుకు కట్టుబడి ఉంటారు. ఆయన కళాకారుడు కాదంటారా?

ఆరోహణ:
అననన్నా. అక్కడ పరీక్ష వేరే ఉంటుంది. కథ వదిలేసి పక్కకు పోయిన మనిషి అదే శృతిలోకి, అదే కథలోకి తిరిగి వచ్చాడా లేదా అన్నది మీరే చెప్పారు కదా. అది చిన్న పనేమీ కాదు, చాలామంది కచేరీ విద్వాంసులకు చేతకాదు. వీళ్లు అడిగింది గంటన్నర కీర్తనల గురించి కాబట్టి రిషభం పట్టుకున్నాను.

అలిపిరి_శ్రోత:
కమిటీలో తేల్చేశాం. ఆరుగురికీ ఈ రాత్రే మెసేజ్ పెడుతున్నాం: ఒకే కీర్తన, తంబుర మాత్రమే, చెయ్యి కనపడాలి, మూడు నిమిషాలు. పేర్లు చూడకుండా వినడానికి నంబర్లు వేస్తాం. సొంత బాణీ అమ్మాయిని కూడా కలిపాం, పెద్దాయన ఒప్పుకున్నారు, మూతి ముడుచుకునే అనుకోండి. మృదంగం ఆయనకు మేం ఇంకేమైనా ఏర్పాటు చేయాలా?

తొప్పి_రవ్వ:
గుప్పెడు బొంబాయి రవ్వ, ఒక గ్లాసు నీళ్లు, చేతులు తుడుచుకోను గుడ్డ. తొప్పికి పూసే ముద్ద ఆయనే కలుపుకుంటాడు. చాలామంది తెచ్చుకుంటారు, మర్చిపోయిన రోజు మాత్రం కాలనీ అంతా రవ్వ కోసం పరిగెత్తాలి. మీ యాంకర్‌కు ఒక మాట చెప్పి ఉంచండి, రెండు కీర్తనల మధ్య రాయి చప్పుడు వినపడితే అది విరామం కాదు, మైకు అందుకోవద్దని.