డిపోల్లో ఉన్న కంప్యూటర్లలో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ ఉందో ఒకేచోట చూడాలంటే ఏం వాడుతున్నారు?

మేత_డిపో_సిస్టమ్స్:
అందరికీ నమస్కారమండి. రొయ్యల మేత అమ్మే కంపెనీలో సిస్టమ్స్ చూస్తుంటాను. హెడ్డాఫీసు భీమవరంలో ఉంది, డిపోలు ఇటు ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు, అటు గోదావరి దాటి రాజోలు, అమలాపురం, కాట్రేనికోన దాకా. అన్నీ కలిపి 60కి పైగా కంప్యూటర్లు, అన్నిటిలోనూ విండోసే. అన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే డొమైన్ లేదు. ఊళ్లో ఉన్న డిపోలకి ఫైబర్ ఉంది, చెరువుల మధ్య ఉన్నవాటికి సిమ్ డాంగిలే దిక్కు.

ఆడిటర్ గారు ప్రతి సిస్టమ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో లిస్టు అడిగారు. ఇప్పటిదాకా డిపోకి ఫోన్ చేసి "హెల్ప్ నొక్కి ఎబౌట్‌లో ఏం రాసుందో చదవమ్మా" అని అడిగి ఎక్సెల్‌లో రాసుకోవడమే. మేత లారీ దిగుతుంటే ఫోన్ ఎత్తే ఖాళీ ఎవరికీ ఉండదు, ఎత్తినా రాసుకున్నది వారం తిరిగేసరికి పాతబడుతోంది. ఆడిట్ సంగతి అలా ఉంచండి, 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఏ డిపోకి చేరింది, ఏ డిపోకి చేరలేదు అని యజమాని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. నా టెన్షన్ అంతా అదే. విండోస్‌లో ఆదేశాలు రాసి నడిపే పవర్‌షెల్‌తో ఇక్కణ్ణుంచి ఆ కంప్యూటర్లలోకి వెళ్దామంటే డాంగిల్ మీద ఉన్నవి అసలు దొరకవు. ఖర్చు తక్కువలో దారేదైనా ఉందా?

సర్వర్_గది:
దొరకవండీ. సిమ్ నెట్‌లో ఆ కంప్యూటర్‌కి బయటి నుంచి చేరే సొంత ఐపీ సాధారణంగా ఉండదు. కాబట్టి మీరు దాని దగ్గరికి వెళ్లడం కాదు, అదే మీ దగ్గరికి రావాలి. కంప్యూటర్ల వివరాలన్నీ ఒకేచోట చేర్చే జీఎల్‌పీఐ అనే సాఫ్ట్‌వేర్ చూడండి, ఓపెన్ సోర్స్, ఉచితం. వెర్షన్ 10 నుంచి ఇన్వెంటరీ, అంటే ఈ లిస్టు తీసే పని, దానిలోనే ఉంది, వేరే ప్లగిన్ అక్కర్లేదు, కాకపోతే అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లి మీరే ఆన్ చేయాలి. ప్రతి సిస్టమ్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం వేస్తే అదే హెచ్‌టీటీపీఎస్ మీద సర్వర్‌కి లిస్టు పంపుతుంది, డాంగిల్ అయినా సరే. ఓసీఎస్ ఇన్వెంటరీ కూడా ఇదే పద్ధతి. సర్వర్ మాత్రం ఇంటర్నెట్‌లోంచి అందాలి, చిన్న క్లౌడ్ మిషన్ చాలు.

తణుకు_అడ్మిన్:
స్క్రిప్టు రాసుకుందామనుకుంటే ఒక్క మాట. నెట్‌లో చాలామంది సాఫ్ట్‌వేర్ లిస్టు కోసం విండోస్‌లోని విన్32_ప్రొడక్ట్‌ని అడగమని రాస్తారు, దయచేసి వాడకండి. అది ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైలు)తో ఎక్కినవాటినే చూపిస్తుంది, పైగా అడిగిన ప్రతిసారీ ఒక్కో ప్యాకేజీని సరిచూస్తూ కూర్చుంటుంది, తేడా కనిపిస్తే రిపేరు కూడా మొదలుపెడుతుంది. ఈవెంట్ లాగ్‌లో 1035 నంబరు వరసగా పడుతుంటే అదే. బిల్లు కొట్టే టైములో పాత సిస్టమ్ మీద అది నడిస్తే కౌంటర్ ఆగిపోతుంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) అన్‌ఇన్‌స్టాల్ కీ చదవండి, క్షణాల్లో వస్తుంది. 64 బిట్‌కి ఒకటి, 32 బిట్‌కి వావ్6432నోడ్ కింద ఇంకొకటి, రెండూ చూడాలి. ఒక్క యూజర్‌కే వేసుకున్న క్రోమ్ లాంటివి ఈ రెండింట్లోనూ ఉండవు, ఆ యూజర్ రిజిస్ట్రీలో ఉంటాయి. జీఎల్‌పీఐ ఏజెంట్‌లో యూజర్ ప్రొఫైళ్లు కూడా చూడమనే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసుకోండి.

మేత_డిపో_సిస్టమ్స్:
ఆకివీడులో ఒకదానికి, కాట్రేనికోనలో డాంగిల్ మీద ఉన్నదానికి ఏజెంట్ వేశానండి, రెండూ వచ్చాయి, చాలా థాంక్స్. కానీ అసలు కావాల్సిన బిల్లింగ్ సాఫ్ట్‌వేరే లిస్టులో లేదు. దానికి సెటప్ లేదు, పెన్‌డ్రైవ్‌లోంచి ఫోల్డర్ కాపీ చేసి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెడతాం. ఇంకోటి, ఆ తర్వాత ఏజెంట్ వేసిన మూడు డిపోల అసెంబుల్డ్ సిస్టమ్‌లకి సీరియల్ నంబరు దగ్గర "టు బి ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం." అనే వస్తోంది, ఏది ఎవరిదో తెలియడం లేదు.

రాజోలు_నెట్‌వర్క్:
ఇన్‌స్టాల్ కానిది రిజిస్ట్రీలో రాదండి. ఆ ఈఎక్స్‌ఈ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడండి, ఫైల్ వెర్షన్ అని ఉంటుంది. అది సరిగ్గా నింపి ఉంటే చిన్న పవర్‌షెల్ స్క్రిప్టుతో చదివి రోజూ సర్వర్‌కి పంపించవచ్చు. ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్లని గట్టిగా అడగండి, బిల్డ్ చేసేటప్పుడు వెర్షన్ నంబరు వేయడం వాళ్లకి పెద్ద పనేం కాదు.

ఆ సీరియల్ గొడవ అసెంబుల్డ్ వాటికి మామూలే, బోర్డు కంపెనీ నింపకుండా వదిలేసిన గడి అది. సీరియల్‌ని నమ్ముకుంటే మూడు డిపోలూ ఒకే కంప్యూటర్‌గా కలిసిపోయే ప్రమాదం ఉంది. మదర్‌బోర్డు యూయూఐడీ (బోర్డులో ఉండే గుర్తింపు కోడు) చూడండి, అదీ ఒకటే అయితే ఒక్కోదానికి వేరే పేరు పెట్టి కేబినెట్ మీద స్టిక్కర్ అంటించండి.

వెర్షన్ పక్కన చివరిసారి ఎప్పుడు రిపోర్టు వచ్చిందో ఆ తేదీ తప్పకుండా పెట్టుకోండి. ఇది చాలా ముఖ్యం. వరదలకి లంకల వైపు డిపో మూసేస్తే ఆ సిస్టమ్ పాత లిస్టుతోనే పచ్చగా కనిపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. పది రోజులు దాటినవి వేరే రంగులో చూపించాలి, ఆడిటర్‌కి కూడా ఆ తేదీతోనే ఇవ్వాలి.

తణుకు_అడ్మిన్:
లిస్టు రాగానే ముందు కుదించిన ఫైళ్లు విప్పే విన్‌రార్ చూడండి. అది తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. 2025 జులై నెలాఖర్లో వచ్చిన 7.13 కంటే పాతదుంటే వెంటనే మార్చండి, మోసపు ఫైలు విప్పితే ప్రోగ్రాం తెచ్చి స్టార్టప్‌లో పడేసే లోపం అందులో సరిచేశారు. ఇన్వాయిస్ అంటూ మెయిల్లో ఏ రార్ ఫైలు వచ్చినా డిపోలో విప్పేస్తారు కదా.

ఆ తర్వాత విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్టు అయిపోయింది. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఏవీ విండోస్ 11 లిస్టులో లేవు. ప్రాసెసర్ పేరు కూడా ఏజెంటే పంపుతుంది కాబట్టి ఏ డిపోకి కొత్త సిస్టమ్ కొనాలో అదే లిస్టులోంచి తీసి యజమాని ముందు పెట్టవచ్చు. ఖర్చెందుకు అంటే 2017 చెప్పండి: లోపం సరిచేసే ప్యాచ్ మార్చిలోనే ఇచ్చారు, ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వాన్నాక్రై వచ్చింది మే 12న. ఆ రెండు నెలల్లో ప్యాచ్ పడని సిస్టమ్‌లే దెబ్బతిన్నాయి.