సొంతంగా ఒక భాష అల్లుతున్నాను, మీలో ఎవరైనా ప్రయత్నించారా?

లంకవాసి (విజయవాడ):
అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఒక పెద్ద కథ రాస్తున్నాను. కృష్ణ మధ్యలో ఒక లంక, అక్కడ బయటివాళ్ళతో పెద్దగా రాకపోకలు లేకుండా బతికే పడవల జనం. వాళ్ళకి వాళ్ళదైన భాష ఉండాలనిపించి మొదలుపెట్టాను. నీళ్ళు ‘యెల’, పడవ ‘డోము’, నేను ‘ఇస’. ఇలా దాదాపు ఆరొందల మాటలు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వాక్యాలు కూడా కట్టాను. చాలా సంతోషంగా ఉండేది.

మొన్న భాషాశాస్త్రం చదువుకున్న స్నేహితురాలికి చూపించాను. ఒక పేజీ చదివి, పెన్సిలుతో ఒకే ఒక్క మాట కింద గీత గీసింది. ‘ఇస హబ డోము’ అన్న వాక్యంలో ‘హబ’. “నాకు పడవ ఉంది అనడానికి ఇది రాశావు కదా, మరి ఈ హబ ఏంటి?” అంది. అది ఇంగ్లీషు ‘హావ్’. పుట్టినప్పటి నుంచి ‘నాకు ఉంది’ అంటూ పెరిగినవాడిని. అలాంటి క్రియ నా నోట్లో ఏనాడూ లేదు. వ్యాకరణం అనగానే బళ్ళో నేర్చుకున్న ఇంగ్లీషు గ్రామరే నా చేతికి వచ్చిందని అప్పుడు అర్థమైంది. మాటలు మాత్రమే నావి, ఎముకలన్నీ ఇంగ్లీషువి.

మాటలు ఉంచుకుని వ్యాకరణం మొత్తం చింపేశాను. మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. మీలో ఎవరైనా ఇలాంటి పని చేసి ఉంటే, లేదా రెండు మూడు భాషల మధ్య బతుకుతూ ఏమైనా గమనించి ఉంటే చెప్పండి.

బ్రాడీపేట టీచరు (గుంటూరు):
నాయనా, ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. భాష అల్లడం నేను చెయ్యలేదు గానీ మా బడిపిల్లలు రోజూ చేసేవాళ్ళు. క భాష. ప్రతి అక్షరం ముందు ‘క’ పెట్టి మాట్లాడతారు. ‘నువ్వు రేపు వస్తావా’ అనాలంటే ‘కనుకవ్వు కరేకపు కవకస్తాకవా’. మూడో తరగతి పిల్లలు కూడా గడగడా అనేవాళ్ళు. నేను బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నుంచి మొదలయ్యేది.

నీకు పనికొచ్చేది ఇక్కడ ఒకటుంది. ఆ పిల్లలు మాటని ఎక్కడ విరుస్తున్నారో చూడు. ‘వ’ ఒకటి, ‘స్తా’ ఒకటి, ‘వా’ ఒకటి. గుణింతాలు, ఒత్తులు నేర్చుకున్న చెయ్యి ఎలా రాస్తుందో నాలుక అలాగే విరుస్తోంది. ‘బస్సు’ దగ్గర ఏ గొడవా లేదు, ‘కబకస్సు’. కానీ ఎవరైనా ‘బస్’ అన్నారో ఆట ఆగిపోయేది. ఆ చివరి ‘స్’కి క పెట్టాలా వద్దా అని తగాదా. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అజంత భాష అనేది అందుకే. కాబట్టే బస్ మన దగ్గరికొచ్చి బస్సయింది, కార్ కారయింది. జపాను వాళ్ళూ దాన్ని ‘బసు’ అనే అంటారు, వాళ్ళకీ చివర అచ్చు కావాలి. నీ లంకవాళ్ళ మాట దేనితో ముగియాలి, దేనితో ముగియకూడదు అన్నది ముందు తేల్చుకో. అప్పుడు బయటి నుంచి వచ్చిన మాటని వాళ్ళు ఎలా వంచుకుంటారో నీకే తెలుస్తుంది.

బెంజి సర్కిల్ రూమ్ నం. 6:
నాకు భాషలు కనిపెట్టడం తెలీదు. కానీ ఒక అనుభవం చెప్తాను. మా రూమ్మేట్‌ది పాట్నా. ఏడాదిలో తెలుగు బాగా పట్టేశాడు. ఒక గురువారం వచ్చి, “మనం శనివారం తిరుపతి వెళ్తున్నాం” అన్నాడు. నేను సంబరపడి ఆఫీసులో లీవు పెట్టి, బ్యాగు సర్దేశాను. శనివారం పొద్దున వాళ్ళ అమ్మానాన్నా స్టేషన్లో దిగారు, వాడు వాళ్ళతో బయల్దేరాడు. నా బ్యాగు చూసి వాడి మొహం వాడిపోయింది. వాడి ఉద్దేశం ‘మేము’. హిందీలో రెండిటికీ ‘హమ్’ ఒక్కటే. ఆ తేడా ఒకటి ఉంటుందన్న సంగతే వాడి చెవికి తెలీదు. పాపం, ఆ వారమంతా నన్ను అడిగి అడిగి ఆ రెండు మాటలూ ప్రాక్టీసు చేశాడు.

లంకవాసి అన్నా, ఈ మేము-మనం తేడా మీ భాషలో తప్పకుండా పెట్టండి. ద్రావిడ భాషలన్నిటిలో ఉన్న ఆస్తి ఇది.

బెంగళూరు కోడలు:
అన్నిటిలో లేదండి. నా పుట్టిల్లు బెంగళూరు, మెట్టినిల్లు విజయవాడ. మా కన్నడలో ఇప్పుడు ‘నావు’ ఒక్కటే, మీ మనం, మేము రెండూ దాన్లోనే. తమిళంలో, మలయాళంలో మాత్రం తేడా ఉంది. అటు మరాఠీ, గుజరాతీ ద్రావిడ భాషలు కాకపోయినా వాటిలో ఉంది. పక్కపక్కన బతికితే ఇలాంటివి ఇల్లు మారతాయి. పెళ్ళైన కొత్తలో మా అత్తగారితో “మనం మా ఊరెళ్తున్నాం” అనేదాన్ని, ఆవిడ “నేనెందుకమ్మా” అనేవారు. మీ రూమ్మేట్ కష్టం నాకు బాగా తెలుసు.

పాత పుస్తకాల వీధి (విజయవాడ):
లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేసే అలవాటు నాది. అలా దొరికిన ఒక ఎస్పెరాంటో పుస్తకంతో పదేళ్ళ కిందట ఈ పిచ్చి పట్టుకుంది. 1887లో జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు వార్సాలో అచ్చు వేయించిన భాష అది. నాలుగు జాతులవాళ్ళు నాలుగు భాషల్లో కొట్టుకునే ఊళ్ళో పెరిగి, అందరికీ సమానంగా పరాయిదైన ఒక భాష ఉంటే బాగుంటుందని కట్టాడు. నామవాచకమైతే చివర ‘ఓ’, విశేషణమైతే ‘ఆ’. ‘బోనా’ అంటే మంచి, ముందు ‘మాల్’ పెడితే ‘మాల్‌బోనా’, చెడ్డ. చాలా ముచ్చటైన పని. కానీ మాటలన్నీ యూరపువే. మనకి సమానంగా పరాయిది కాదు, ఇంకాస్త ఎక్కువ పరాయిది.

నీ అవసరం వేరు తమ్ముడూ. నీది కథ కోసం. ఆ దారిలో చూడాల్సింది ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్‌ని. ఆయన ఫిన్నిష్ మీద ప్రేమతో ఒక భాష, వెల్ష్ మీద ప్రేమతో ఇంకొకటి కట్టాడు. మాటలు ఎత్తుకురాలేదు, ఆ భాషల నడక పట్టుకున్నాడు. ఫిన్నిష్‌లో ‘కాదు’ అన్నదే ఒక క్రియ, అది మనిషిని బట్టి మారుతుంది: నేనైతే ‘ఎన్’, నువ్వైతే ‘ఎత్’. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన దగ్గర ఏముందా అని చూసుకున్నాను. రాను, రావు, రాడు, రాదు, రాము, రారు. ఇందులో ‘కాదు’ అనే ముక్క ఎక్కడుంది? ‘వస్తాను’లో కాలం చెప్పే ముక్క ఉంది, ఇక్కడ అది లేదు, ఆ లేకపోవడమే కాదనడం అయిపోతుంది. హిందీవాళ్ళకి ‘నహీ’ కావాలి, ఇంగ్లీషువాళ్ళకి ‘నాట్’ కావాలి. మనకి ఖాళీయే సరిపోయింది! ఇంత గొప్ప పనిముట్టు నోట్లో పెట్టుకుని బయట వెతికాను.

ఇంకొకటి. స్టార్ ట్రెక్ సినిమా కోసం 1980ల్లో మార్క్ ఓక్రాండ్ కట్టిన క్లింగాన్ భాషలో కర్మ ముందు, క్రియ మధ్యలో, కర్త చివర. ‘అన్నం తిన్నాడు రాముడు’ అన్న వరస. వేరే గ్రహం వాళ్ళలా వినిపించాలని అలా పెట్టాడు. కానీ బ్రెజిల్ అడవుల్లో హిష్కరియానా అనే భాష సరిగ్గా ఆ వరసలోనే నడుస్తుంది. మన దగ్గర కాలకేయుల కిలికి భాషని 2015లో ఊరంతా అనుకరించాం గుర్తుందా? మదన్ కార్కీ దాన్ని వినగానే భయం పుట్టేలా కట్టారు. మీ లంకవాళ్ళ భాష వినగానే ఏం పుట్టాలో అది కూడా ఆలోచించు.

మిర్చి యార్డు (గుంటూరు):
తోకి పోనాలో మూడు నెలలు డైరీ రాశాను. సొన్యా లాంగ్ 2001లో బయటపెట్టిన భాష, మొత్తం మాటలు 120 చిల్లర. ‘కిలి’ అంటే కాయ, పండు, కూర ఏదైనా. ‘సెలి’ అంటే వేడి, మంట. మా యార్డులో రోజూ చూసే సరుకుకి ‘కిలి సెలి’ అని రాసుకున్నా. గోంగూర పచ్చడి దగ్గర మాత్రం మూడు రోజులు ఆగిపోయా. ‘మంచి ఆకు, మంట కాయతో కలిసింది’ దాకా వచ్చింది, పులుపు మాత్రం ఎక్కలేదు. ఉన్న కాసిని మాటలతో చెప్పాలంటే ఆ వస్తువు నాకు నిజంగా ఏంటో ఆలోచించాల్సి వచ్చేది. నాకది బాగా పనికొచ్చింది. ఆరొందల మాటలు ఎక్కువేమో అన్నా, రెండొందలతో ముందు బతికి చూడండి.

నిడదవోలు ప్యాసింజరు:
నేను లంకవాసిగారిని ఒకటి అడగాలి. లింగం సంగతి ఏం చేశారు? తెలుగులో వాడు వచ్చాడు. ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, గేదె వచ్చింది. ఏకవచనంలో ఆడవాళ్ళం బస్సుతో కలిసి ఉన్నాం. బహువచనంలోకి వెళ్ళగానే మగవాళ్ళతో కలిసి ‘వచ్చారు’. డిగ్రీలో ఉన్నప్పుడు ఇది గమనించి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అంత బాధేసింది. తమిళంలో, కన్నడలో ఆడవాళ్ళకి వేరే రూపం ఉంది. మనింట్లో గౌరవం ఇచ్చి ‘ఆవిడ వచ్చారు’ అంటేనే మనిషి లెక్కలోకి వస్తాం. సుజెట్ హేడెన్ ఎల్గిన్ అనే అమెరికా రచయిత్రి 1982లో ఆడవాళ్ళ అనుభవాలు చెప్పుకోవడానికి ‘లాడన్’ అని ఒక భాషే కట్టడం మొదలుపెట్టింది. మీ లంకలో ఎవరు ఎవరితో కలిసి ఉన్నారో, అది వ్యాకరణంలో కనిపించాలి.

నెహ్రూ బస్టాండ్:
‘అంట’ని మర్చిపోకండి. ఒక సాయంత్రం పిడుగురాళ్ళ బస్సు కోసం పరిగెత్తుకొచ్చాను. ఒక పెద్దాయన “పోయింది” అన్నాడు. పక్కనే పూలమ్మే ఆవిడ “పోయిందంట” అంది. నేను ఆవిడ మాట పట్టుకుని ఆగాను. ఆ ఒక్క ‘అంట’లో, నేను చూళ్ళేదు బాబూ, ఎవరో అన్నారు, అన్న నిజాయితీ ఉంది. పది నిమిషాలకి బస్సొచ్చింది. టర్కీ భాషలో దీనికి క్రియలోనే ప్రత్యయం ఉంది: ‘గెల్ది’ వచ్చాడు, ‘గెల్మిష్’ వచ్చాడట. పెరూ కొండల్లో కెచువా వాళ్ళయితే చూసినదానికి ఒక ప్రత్యయం, విన్నదానికి ఒకటి. వరద వార్తలు నోటిమాటగా వచ్చే లంకకి ఇది ప్రాణం కదా?

లంకవాసి:
ఒక్కొక్కటీ రెండు మూడుసార్లు చదివాను. ‘హబ’ పోయింది. దాని బదులు మొదట ‘ఇసకి డోము ఉంది’ లాంటిది కట్టాను. నా స్నేహితురాలు, “ఇంగ్లీషు తీసి తెలుగు పెట్టావు, ఇదీ నకలే” అంది. రష్యన్‌లో ‘నా దగ్గర ఉంది’ అంటారట, టర్కీలో ‘నా పడవ ఉంది’ అంటారట. నా లంకవాళ్ళు ఏమంటారా అని వారం తిరిగాను. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఉండగా దొరికింది. ‘పడవ నాతో తేలుతోంది’. ఇల్లయినా, కూతురైనా, అప్పయినా, ఎవరిదైతే వాళ్ళతో తేలుతుంది.

కుడి ఎడమలు తీసేశాను. ఎగువ చెయ్యి, దిగువ చెయ్యి. ఆస్ట్రేలియాలో గూగు యిమిదిర్ వాళ్ళు కుడి ఎడమల బదులు ఉత్తరం దక్షిణం వాడతారని చదివాను, కంగారూ అన్న మాట ప్రపంచానికి ఇచ్చింది వాళ్ళే. మా అమ్మమ్మ కూడా విస్తట్లో “కాస్త తూర్పుకి జరుపు” అనేది.

నిడదవోలుగారూ, ఆడా మగా తేడా లేదు. మనం ఇద్దరు, ముగ్గురు అని మనుషులకే వాడే లెక్క ఉంది కదా, దాన్ని మా వాళ్ళు పడవలకీ వాడతారు. ‘ముగ్గురు పడవలు వచ్చారు’.

బ్రాడీపేట టీచరు:
చాలా బాగుంది నాయనా. మరి పడవ పగిలిపోతే? అప్పుడు వస్తువు అయిపోతుందా?

లంకవాసి:
లేదు టీచర్‌గారూ. పగిలినా మనిషే, ఒడ్డున పడుకున్న మనిషి. వేరే ఊరివాళ్ళకి అమ్మేసిన పడవని మాత్రం ‘ఒకటి’ అంటారు.