శుభలేఖలో పేర్లకు నప్పే తెలుగు ఫాంట్ ఏది?

మా చెల్లి పెళ్లి శుభలేఖ విజయనగరంలో, గంటస్తంభం దగ్గర వేయిస్తున్నాం. ఇంగ్లిష్ పేర్లు ఎడ్వర్డియన్ స్క్రిప్ట్‌లో పెట్టారు. 1994లో ఎడ్ బెంగాట్ గీసిన ఫాంట్ అది. పాళీ నొక్కినచోట లావుగా, తేల్చినచోట వెంట్రుకంత సన్నగా, ఎంత ముద్దుగా ఉందో! కింద తెలుగు పేర్లు మాత్రం పేపర్ హెడ్డింగులా మొద్దుగా పడ్డాయి. గురజాడ, గిడుగు ఫాంట్లు చూశాను. మన ప్రాంతపు పెద్దల పేర్లని ఆశపడ్డాను గానీ, నాకు కావలసిన కలం ఒంపు కనపడలేదు. 'లక్ష్మి'లో వత్తులు ఒకదానిమీదొకటి ఎక్కకుండా, చేత్తో రాసినట్టు సాగే యూనికోడ్ ఫాంట్ ఎవరికైనా తెలుసా? మెరూన్ అట్ట మీద బంగారు రంగులో సన్నగీతలు నిలుస్తాయా? సైజు ఎంత పెట్టమనాలి? శుక్రవారం ప్రూఫ్ ఓకే చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది.