సారా ఉద్యమాన్ని పుట్టించింది వాచకమా, వేలంపాటా?

పెన్నా గట్టు: నెల్లూరు సారా ఉద్యమం పేరెత్తితే చాలు, ఒకటే పాట. 1991లో అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యత కార్యక్రమం వచ్చింది, ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు, తెల్లారేసరికి తిరగబడ్డారు అని. కూలి డబ్బు మొగుడు తాగేస్తుంటే ఒళ్లు మండటానికి వాచకం కావాలా? చదువుకి లేనిపోని గొప్ప అంటగడుతున్నారు.

రాత్రిబడి: వరస చూడండి గట్టుగారూ. సీతమ్మ కథ ముందు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మా, తోటి ఆడవాళ్లూ సారా దుకాణం మూయించింది ఆ తర్వాత. ఆ సంగతే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. కోపం ఎవరికి వాళ్లకు ఉన్నదే. దుకాణం మూయించవచ్చనే కబురు మాత్రం పాఠం మోసుకెళ్లింది. పైగా పనులయ్యాక ఊరి ఆడవాళ్లంతా ఒకచోట కూర్చునే వీలు రాత్రిబడి కాక ఇంకేం ఇచ్చింది?

ఖజానా లెక్క: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. సారా నడిచిందే వేలంపాట మీద. ఏటా ప్రభుత్వం ప్రాంతాలవారీగా పాట పెట్టేది. దక్కించుకున్న కాంట్రాక్టరు ఒప్పుకున్న సొమ్ము కట్టి తీరాలి. కట్టాలంటే సరుకు కదలాలి, అందుకే ప్యాకెట్లు ఊరి నడిమధ్యకు వచ్చాయి. ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్ల సరఫరా చేపట్టాక తాగడం మరీ సులువైంది. 1970-71లో దాదాపు 39 కోట్లున్న రాష్ట్ర ఎక్సైజు రాబడి 1991-92కి 812 కోట్లకు చేరింది.

ఇలాంటప్పుడు ఒక ఊళ్లో దుకాణం మూయిస్తే ఏమవుతుంది? కాంట్రాక్టరు అధికారులను వెంటేసుకొచ్చి మళ్లీ తెరిపిస్తాడు. అదే పాట ఆగిందనుకోండి, తెరిచే హక్కున్నవాడే ఉండడు. 1992లో నెల్లూరులో ఆడవాళ్లు వేలాన్ని అడ్డుకుని వాయిదాల మీద వాయిదాలు వేయించారు. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

కావలి కుర్రోడు: ఏం నిషేధం బ్రదర్, 1997లో ఎత్తేశారుగా! ఓడిపోయినదానికి ఇంత చర్చా?

ఖజానా లెక్క: రెండు నిషేధాలు కలిపేశారు. 1997లో సడలించింది సంపూర్ణ మద్యనిషేధాన్ని, అంటే 1995 జనవరి 16న అమల్లోకి వచ్చినదాన్ని. సారా మీద నిషేధం అలాగే ఉంచారు. వారుణి వాహిని తెచ్చిన ఎన్టీఆరే సంపూర్ణ నిషేధం పెట్టారన్నది వేరే తమాషా.

పెన్నా గట్టు: వేలం మాట ఒప్పుకుంటా. కానీ ఆ వేలం దగ్గరికి వెళ్లినవాళ్లు ఎవరు? ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల కూలి ఆడవాళ్లు. ఆ పూట పనికి వెళ్లకపోతే ఆ పూట కూలి లేదు. అది లెక్కలోకి రాకుండా ‘చదువు తెచ్చిన చైతన్యం’ అనేస్తే నాకు గొంతు దిగదు.

రాత్రిబడి: దానికి నేనెక్కడ అడ్డుపడ్డాను! పత్రికలూ పార్టీలూ వెంటబడింది కూడా వాళ్లు రోడ్డెక్కిన తర్వాతే. సరే, ఖజానాగారూ, అదే ఆడవాళ్లు ఉండగా సంపూర్ణ నిషేధం ఎందుకు నిలవలేదంటారు?

ఖజానా లెక్క: రాబడి పోవడం ఒకటి, అది అందరూ చెప్పేదే. వేలానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది, గుమ్మానికి అడ్డం కూర్చోవచ్చు. నాటుసారా బెల్లపు ఊట ఏ తోటలో పూడ్చిన కుండలో ఉందో ఎవరికి తెలుసు? యానాం నుంచో, పక్క రాష్ట్రాల నుంచో దొంగసరుకు చీకట్లో దిగుతుంది. దాన్ని పట్టుకోవాల్సింది ఎక్సైజు సిబ్బంది. వాళ్లు పట్టుకోకపోతే, ఆడవాళ్లు ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలి?