పిలిస్తే రాని కుక్కను ఎలా దారికి తెచ్చారు?

తెల్లతోక:
మా కుక్కకు ఏడాది నిండింది. ఇంట్లో పేరు పిలిస్తే చాలు, పరుగున వస్తుంది. మైదానంలో గొలుసు విప్పితే మాత్రం ముక్కు నేలకు ఆనించి పోతూనే ఉంటుంది, ఎంత పిలిచినా తల ఎత్తదు. పక్కనే రోడ్డు ఉంది, భయంగా ఉంది. మీలో ఎవరికైనా ఇది కుదిరిందా?

బీగిల్ ఇల్లు:
కుదురుతుందండి. 6 నుంచి 18 నెలల మధ్య చాలా కుక్కలు నేర్చుకున్నదంతా మరిచిపోయినట్టే ప్రవర్తిస్తాయి. కొంతకాలం గొలుసు విప్పకండి. 10 మీటర్ల తాడు తీసుకుని, మెడ బెల్టుకు కాకుండా ఛాతీ చుట్టూ పట్టీలా తొడిగే హార్నెస్‌కు కట్టండి. లేకపోతే పరుగులో కుదుపంతా మెడ మీదే పడుతుంది. తాడుతో లాక్కురావద్దు, అది కాపుదల కోసమే. పిలిచాక మీరే వెనక్కి తిరిగి పరుగెత్తండి. వెంటపడితే ఆట అనుకుని ఇంకా దూరం పోతుంది. మీరు పారిపోతే అదే మీ వెంటపడుతుంది.

గోధుమబొచ్చు:
అసలు దాన్ని ఎప్పుడెప్పుడు పిలుస్తున్నారో గమనించండి. స్నానానికి, గోళ్లు తీయడానికి, ఇంటికి బయలుదేరడానికేనా? అలాగైతే పిలుపు వినగానే ఆట ముగిసిందని దానికి తెలిసిపోతుంది. ఇక ఎందుకు వస్తుంది? మేము ఆట మధ్యలో పిలిచి, ఒక చేత్తో మెడ బెల్టు పట్టుకుని, రెండో చేత్తో ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టి, వెంటనే మళ్లీ వదిలేస్తాం. వచ్చినందుకు దాని ఆట పోకూడదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

తెల్లతోక:
బెల్టు పట్టుకోవడం దేనికండి?

గోధుమబొచ్చు:
దగ్గరి దాకా వచ్చి, చెయ్యి చాచగానే పక్కకు తప్పుకునే కుక్కలు చాలా ఉన్నాయి. బెల్టు మీద చెయ్యి పడితే ముక్క దొరుకుతుందని అలవాటైతే కదలకుండా నిలబడతాయి.

బీగిల్ ఇల్లు:
పేరు బదులు ఈల వాడి చూడండి. పేరును రోజంతా ఇంటిల్లిపాదీ ఏదో ఒకదానికి పిలుస్తూనే ఉంటారు. ఈలలో కోపం, కంగారు వినపడవు, ఎవరు ఊదినా ఒకటే శబ్దం. ముందు ఇంట్లో ఊదిన వెంటనే తినిపించండి. అది బాగా అలవాటయ్యాకే మైదానం.

నిశ్శబ్ద నేస్తం:
మా కుక్కకు పుట్టుకతోనే చెవుడు. అందుకని చూపుతోనే మొదలుపెట్టాం. తనంతట తాను నా వైపు చూసిన ప్రతిసారీ బొటనవేలు ఎత్తి చూపి, తినిపిస్తాను. ఇప్పుడు నడకలో నాలుగడుగులకోసారి తల తిప్పి నేనెక్కడున్నానో చూసుకుంటుంది. చెవులు బాగున్న కుక్కకూ ఇది నేర్పండి. వాసనలో మునిగి ఉన్నప్పుడు పిలిస్తే పిలుపు వృథా. తల ఎత్తే దాకా ఆగి, అప్పుడు ఒక్కసారే పిలవండి.

తెల్లతోక:
బాగా ఆలస్యం చేసి వస్తే కోప్పడవచ్చా?

గోధుమబొచ్చు:
వద్దండి, దయచేసి వద్దు. చివరగా అది చేసింది మీ దగ్గరకు రావడమే. తిట్లు దానికే అంటుకుంటాయి. ఎంత ఆలస్యమైనా ముక్క పెట్టండి. బయట ఎండు బిస్కెట్లకు లొంగకపోతే ఇంకా రుచైనది తీసుకెళ్లండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ తగిలినవి మాత్రం పెట్టకండి, కుక్కలకు అవి విషం.