జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే మార్చాల్నా, ఇంకొన్నాళ్లు ఆగాల్నా?

దేవరకొండ_పోరడు:
అన్నలకు నమస్తే. నాది 2020ల కట్టించిన పీసీ. ఐ5 9400ఎఫ్, హెచ్310 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు, దాంట్ల మెమరీ 4 జీబీ. కొత్త గేములు కొన్ని ఓపెనే అయితలేవు. చిట్టీ లేపిన, 35 వేలు చేతిల ఉన్నయి. ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8 జీబీ, దాంట్లనే 16 జీబీది చూస్తున్న. సికింద్రాబాద్‌ల కంప్యూటర్ల బజారు సీటీసీల అడిగితే 16 జీబీదానికి నా లెక్క మీద నాలుగు వేలు ఎక్కువ చెప్పిండ్రు. తీస్కోవాల్నా, ఆగాల్నా? వారం లోపట తేల్చుకోవాలె, జర తొందరున్నది.

మిర్యాల_మిల్లురోడ్డు:
ఆగు తమ్మీ. 2025 ఆఖరు సంది ర్యామ్ రేట్లు ఎట్ల ఎగిరినయో చూస్తనే ఉన్నవు. గ్రాఫిక్స్ కార్డుల ఉండే మెమరీ గూడ ఆ శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ కాడికెళ్లే రావాలె. రేటు కొండెక్కినప్పుడు కొన్నోడు నెత్తి పట్టుకుంటడు. నేను పట్టుకున్న. 2021ల ఆర్‌టీఎక్స్ 3060 కొన్న, ఎంతకు కొన్ననో రాస్తే నవ్వుతరు. పెండ్లి వీడియోల ఎడిటింగ్ కోసమని ఈఎంఐల తీస్కున్న. లాక్‌డౌన్ల పెండ్లిళ్లు ఆగినయి, ఈఎంఐ ఆగలే. 2022 సెప్టెంబర్‌ల కార్డులతోని ఇథీరియం అనే క్రిప్టో పైసలు సంపాదించే మైనింగ్ బంద్ అయినంక అసొంటి కార్డులే కుప్పలు కుప్పలుగ సెకండ్ హ్యాండ్‌కు వచ్చినయి.
ఇంకోటి. నీ ఎస్‌ఎంపీఎస్, అదే పీసీకి కరెంటిచ్చే డబ్బా, ఏ కంపెనీది?

పాలమూరు_పిక్సెల్:
మిల్లన్నా, అప్పటి కథ వేరే, ఇప్పటి కథ వేరే. అప్పుడు కార్డులు మైనింగోళ్ల చేతుల ఉండె. వాళ్లకు గిట్టుబాటు కాకపోయేసరికి తెచ్చి మనకే అమ్మిండ్రు. ఇప్పుడు మెమరీ పోతున్నది ఏఐ డేటా సెంటర్లకు. ఆ పెద్ద చిప్పులకు మానిటర్ వైరు పెట్టుకునే పోర్టు గూడ ఉండదు. రేపు వాళ్ల దుకాణం మూతపడ్డా అవి తెచ్చి మన డబ్బాల పెట్టుకోలేం. 2025 డిసెంబర్‌ల మైక్రాన్, క్రూషియల్ పేరు మీద మనసొంటోళ్లకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్ముడే బంద్ చేస్తనని ప్రకటించింది. ఆగితే ఏమొస్తది?
తమ్మీ, కొనేది ఇప్పుడే కొను. నాలుగు వేలు ఎక్కడన్న సర్దుకోని 16 జీబీదే తీస్కో.

బత్తాయి_బైట్స్:
జీఎస్టీ తగ్గినంక కొందామని నేను గూడ ఆగిన. 2025 సెప్టెంబర్ 22న పెద్ద టీవీలు, ఏసీలు 28 శాతం నుంచి 18కి వచ్చినయి. మన కార్డు ముందే 18ల ఉండె, ఆడనే ఉన్నది. 😄

కల్వకుర్తి_కూలర్:
8 జీబీ చాలు. ఊకె భయపెట్టకుండ్రి పోరన్ని.

పాలమూరు_పిక్సెల్:
కూలరన్నా, ఎవలకు చాలు? తమ్మిది 9వ తరం ఐ5, బోర్డుల కార్డు పెట్టే పీసీఐ స్లాటు పాత 3.0 తరంది. 5060 కార్డుకు లేన్లు, అంటే డేటా పోయే దారులు, ఎనిమిదే. కార్డుల మెమరీ నిండితే మిగిలింది ర్యామ్ల పెట్టుకోని ఆ లేన్ల మీదికెళ్లి ఇటూ అటూ మోసుకుంటది. కొత్త బోర్డు అయితే ఎట్లనో నడుస్తది. 3.0ల ఎనిమిది లేన్లంటే డబుల్ రోడ్డు బండిని డొంకల తోలినట్టు. 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లు. అందుకే చెప్తున్న.

మిర్యాల_మిల్లురోడ్డు:
ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీదని అడిగిన. జవాబు రాలే.

దేవరకొండ_పోరడు:
450 వాట్లు అని రాసున్నదన్నా.

మిర్యాల_మిల్లురోడ్డు:
రాసుడుదేమున్నది? స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిల ఎన్ని ఆంపియర్లున్నయో చూడు, దాన్ని 12 తోని గుణించు. అసలు పవర్ అదే. 1650ల చానామట్టుకు వేరే కరెంటు వైరు అక్కర లేదు, బోర్డు కెళ్లి వచ్చే 75 వాట్ల మీదనే నడుస్తయి. గందుకే నీ ఎస్‌ఎంపీఎస్ ఎసొంటిదో ఇన్నేండ్లు నీకు తెల్వలే. 9060 ఎక్స్‌టీ 16 జీబీది 160 వాట్లు, 5060 145. రెంటికీ 8 పిన్ వైరు కావాలె. అది ఉన్నదా లేదా? యాసంగిల మోటర్లన్ని ఒక్కపారి ఆన్ అయితే మన దిక్కు వోల్టేజీ ఎట్లుంటదో సీటీసీల కూసున్నోనికి తెల్వది.

కల్వకుర్తి_కూలర్:
ఎస్‌ఎంపీఎస్ పురాణం సురువాయె.

గద్వాల్_జీపీయూ:
తమ్మీ, మానిటర్ ఎన్ని హెర్ట్జ్?

దేవరకొండ_పోరడు:
60 అన్నా. 1080.

గద్వాల్_జీపీయూ:
సెకనుకు 60 బొమ్మలే చూపిచ్చే గా 60 హెర్ట్జ్ మానిటర్ మీదికేనా ఇంత లొల్లి! నువ్వాడేది వాలరెంట్ అసొంటి తేలిక గేమ్ అయితే 1650 బంగారం.

పాలమూరు_పిక్సెల్:
ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములని, కాదన్నా తమ్మి అడిగింది, గేములు ఓపెన్ అయితలేవంటున్నడు. 2025 మేల వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్‌కు వెలుగు నీడలు నిజం లెక్క చూపే రే ట్రేసింగ్ ఉన్న కార్డే కావాలె. 1650ల అది లేదు. నువ్వు సెట్టింగ్స్ ఎంత తక్కువ పెట్టినా నడవది.

మిర్యాల_మిల్లురోడ్డు:
అయితే ఆ గేమ్ ఆడకుంటే ప్రాణం పోతదా? రెండేండ్లాగి ఆడు. జీటీఏ 5 కన్సోల్‌కు 2013ల వస్తే పీసీకి 2015ల వచ్చింది. జనం ఆగలేదా?

పాలమూరు_పిక్సెల్:
గిదే మాట. 2020ల నేను గిట్లనే ఒక పోస్టు పెట్టిన. యాదికున్నదా? యానిమేషన్ నేర్చుకుంటున్న, కార్డు కొనాల్నా అని అడిగిన. "ఆగు తమ్మీ, రేట్లు తగ్గుతయి" అని మొదటి రిప్లై నీదే. ఆగిన. ఆర్నెళ్లకు రేటు డబుల్ అయింది. రెండేండ్లు కార్డు లేక కోర్సు ఇడిసిపెట్టిన, ఇప్పుడు న్యూటౌన్ల జిరాక్స్ మిషన్ ముంగట నిలబడ్డ. ఆగుమనేటోళ్లకు ఏం పోదన్నా, ఆగినోనికే పోతది.

మిర్యాల_మిల్లురోడ్డు:
నీ కోర్సు నా రిప్లై వల్లనే పోయిందా? కొని మునిగినోణ్ని నేనున్న గద ఈడ. కొన్నోనికి ఏం పోయిందో నీకేం తెలుసు?

పాలమూరు_పిక్సెల్:
పైసలు పోయినయి. సంపాదించుకున్నవు. నా వయసెక్కడ తెచ్చుకోవాలె?

బత్తాయి_బైట్స్:
అన్నా, తమ్మీ, ఇద్దరు జర నీళ్లు తాగుండ్రి. పోస్టు పెట్టినోడు ఏడ పోయిండు?

దేవరకొండ_పోరడు:
ఈడనే ఉన్నన్నా. ఒక మాట ముందు చెప్పలే. మా బావ బోరు ఏపిస్తున్నడు, పైసలు తక్కువ పడ్డయట. చిట్టీ లేపిన సంగతి అక్కకు తెలుసు. వచ్చే వారం ఇంటికొస్తమన్నరు. చేతిల పైసలు పెట్టుకోని లేవంటే పాపం. కార్డు కొనేస్తే నిజంగనే ఉండయి కదా, అప్పుడు అబద్ధం కాదు. గందుకే తొందర.

గద్వాల్_జీపీయూ:
ఓహో! అయితే రేట్ల గురించి మనం ఉత్తగనే కొట్లాడినం.

బత్తాయి_బైట్స్:
తమ్మీ, నేను తోటల ఐదు బోర్లు ఏపిస్తే రెంట్లనే నీళ్లు పడ్డయి. నీ 35 వేలు పోయేది కేసింగ్ పైపులకే. ఇచ్చినా మల్ల వస్తయన్న ఆశ పెట్టుకోకు.

పాలమూరు_పిక్సెల్:
కొను. ఇయ్యాల బోరు, రేపు మోటరు, ఎల్లుండి పత్తి విత్తనాలు. నీ చిట్టీ నువ్వు కట్టుకున్నవు. నీ కోసం ఒక్కటన్న కొనుక్కో.

మిర్యాల_మిల్లురోడ్డు:
నేనొకటి చెప్త, తిట్టేటోళ్లు తిట్టుండ్రి. 2021ల ఆ కార్డు కొన్న వారానికే మా బామ్మర్ది ఫోన్ చేసిండు. వాళ్లమ్మ దవాఖానల ఉన్నది, ఒక్క 20 వేలుంటే పంపుమన్నడు. లేవన్న. అబద్ధం కాదు, నిజంగనే లేవు. కార్డు బిల్లు ఫోటో గూడ పంపిన, నమ్ముతడో లేదో అని. అదే తప్పయింది. పైసలు లేవంటే ఒర్చుకునేటోడే. బిల్లు చూసినంక మాట్లాడుడు బంద్ చేసిండు. ఇప్పటికీ మా ఆమె ఒక్కతే పుట్టింటికి పోతది. 3060 ఇంకా మంచిగనే నడుస్తున్నది, 12 జీబీ.

కల్వకుర్తి_కూలర్:
ఇది ముందు చెప్తే నేను ఎస్‌ఎంపీఎస్ మీద జోకులేయకపోదు అన్నా.

పాలమూరు_పిక్సెల్:
మిల్లన్నా, నాకు 2020ల ఆగుమన్నప్పుడు ఇది జరగలే కదా.

మిర్యాల_మిల్లురోడ్డు:
జరగలే. నీకు చెప్పింది తప్పే. రేటు తగ్గుతదనే అనుకున్న, నేనే కొనాలని ఆగి ఉంటి.

నకిరేకల్_నవ్వు:
1650 అమ్ముతే చెప్పు బ్రో, వచ్చి తీస్కపోత.

గద్వాల్_జీపీయూ:
కొత్తది రాకముందు అమ్మకు తమ్మీ. 9400ఎఫ్‌ల ఆ ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. కార్డు తీస్తే మానిటర్ నల్లగనే ఉంటది.

దేవరకొండ_పోరడు:
మిల్లన్నా, డబ్బా ఇప్పి స్టిక్కర్ చూసిన. 12 వోల్టుల కాడ 20 ఆంపియర్లు. 8 పిన్ వైరు లేదు.

మిర్యాల_మిల్లురోడ్డు:
అంటే 240 వాట్లు. 450 అని రాసుడు వాని ధైర్యం. దాని మీద ఏ కార్డూ పెట్టకు. ముందుగాల ఎస్‌ఎంపీఎస్ మార్చు, మంచిదే తీస్కో, కార్డు ఎప్పుడు కొన్నా పనికొస్తది. మిగిలిన పైసల సంగతి నేను చెప్పేది కాదు. బావకేం చెప్పినవు?

దేవరకొండ_పోరడు:
ఇంకేం చెప్పలేదన్నా. పొద్దుగాల సంది రెండుసార్లు ఫోన్ చేసిండు.